ఫుట్‌బాల్ లీగు: వేసవిలోనా, శీతకాలములోనా?

ఆటల వార్తలు వినువారికి ఒక సందేహము తరచుగా కలుగుచుండును. ఇంగ్లండులో ఫుట్‌బాల్ లీగు ఆగస్టులో ప్రారంభమై మే నెలలో ముగియును. స్వీడనులో వసంతమున మొదలై నవంబరు నాటికి ముగియును. కలకత్తాలో నడి వానకాలమున, బురదనేలపై జరుగును. ఆట ఒక్కటే, నియమములు ఒక్కటే, జట్టుకు పదునొకండుగురే. ఆడు ఋతువు మాత్రము దేశమున కొక తీరుగా ఏల ఉండవలెను? మంచి కాలమేదియో నిర్ణయించుకొని అందరును ఆ కాలముననే ఆడరాదా?

ప్రశ్న చిన్నదిగా కనుపించును. కాని దీనిని గూర్చి కొన్ని దేశములు పదుల సంవత్సరములు వాదించినవి. జపాను దేశమైతే ఒకమారు మార్చుకొన్న కాలమును మరల మార్చుకొని, 2023 డిసెంబరు 19వ తేదీన మూడవమారు మార్చుకొనుటకు నిశ్చయించినది. ఆ నిర్ణయము వలన ఎవరికి మేలు, ఎవరికి కష్టము అను విచారణలోనే ఈ ప్రశ్నలోని చిక్కంతయు ఇమిడియున్నది. అచ్చటికి చేరుటకు ముందు, వేరువేరు దేశములు వేరువేరు కాలములను ఎట్లు ఎన్నుకొన్నవో చూతము.

మొదట మాటలను స్పష్టపరచుకొందము. వేసవి లీగు అనగానే మన శ్రోతలకు రోళ్లు పగులు రోహిణీకార్తె ఎండలు జ్ఞప్తికి వచ్చును. ఉత్తర ఐరోపావారి వేసవి సాధారణముగా అట్టిది కాదు. అచ్చట వేసవి యన్న దీర్ఘమైన సాయంకాలములు, పచ్చని గడ్డి, పలుచని చొక్కాతో ఆరుబయట కూర్చుండదగిన వాతావరణము. వేసవి లీగు మార్చి, ఏప్రిలు నెలలలో మొదలై ఆ సంవత్సరమే అక్టోబరు, నవంబరు నెలలలో ముగియును. శీతకాలపు లీగు ఆగస్టు ప్రాంతమున మొదలై మరుసటి సంవత్సరము మే నెలలో ముగియును. మొదటిది ఒక్క క్యాలెండరులో ఇమిడిపోవును. రెండవది రెండు క్యాలెండరులపై కాళ్లు చాచును. మన వానకాలపు లీగు ఈ రెండింటిలో దేనికిని చెందదు. దానిని గూర్చి తరువాత చెప్పుదుము.

శీతకాలమున ఆడు ఆచారము ఇంగ్లండులో పుట్టినది. 1888లో పన్నెండు క్లబ్బులు చేరి ఫుట్‌బాల్ లీగును స్థాపించునాటికే అచ్చట వేసవి క్రికెట్టు సొత్తు. కొన్ని పట్టణములలో ఒక్క మైదానమే రెండు ఆటలకును ఆధారము. షెఫీల్డు నగరములోని బ్రామల్ లేన్ మొదట క్రికెట్టు మైదానము. తరువాత ఫుట్‌బాల్ వచ్చి చేరినది. 1973 వరకు రెండు ఆటలును ఆ స్థలమును పంచుకొన్నవి. క్రికెట్టునకు ఎండిన, చదునైన నేల కావలెను. ఫుట్‌బాలునకు కొంత తడి ఉన్నను చెల్లును. పరుగెత్తువానిని చలి అంతగా బాధింపదు. కావున వేసవి క్రికెట్టునకు, చలికాలము ఫుట్‌బాలునకు అని పంపకము జరిగినది. ఇది శాస్త్రజ్ఞులు పరిశోధించి చేసిన నిర్ణయము కాదు. ఉమ్మడి పెరటిని అన్నదమ్ములు వంతులు వేసికొన్నట్లు చేసికొన్న ఏర్పాటు. ఆంగ్లేయులు ఆటను దేశదేశములకు కొనిపోయిరి. ఆటతోపాటు ఈ ఏర్పాటును పెక్కు దేశములకు పాకినది.

ఈ ఏర్పాటునకు కఠినమైన పరీక్ష 1962-63 శీతకాలమున వచ్చెను. 1962 క్రిస్మసు నాటికి ఆరంభమైన మంచు మార్చి వరకు ఇంగ్లండును విడువలేదు. ఎఫ్.ఏ. కప్పు పోటీల మూడవ రౌండు సాధారణముగా కొద్ది దినములలో ముగియునట్టిది. ఆ సంవత్సరము జనవరి 5న మొదలై మార్చి 11 నాటికి గాని ముగియలేదు. అనగా ఒక్క రౌండునకు 66 దినములు పట్టినది. ఆ రౌండులో 261 వాయిదాలు పడినవి. ఆటల ఫలితములను ఊహించి పందెములు కాయువారి కొరకు నడచు ‘పూల్స్’ సంస్థలకు ఆటలే లేకపోయినవి. అంతట ఆ సంస్థలవారు 1963 జనవరిలో అనుభవజ్ఞులైన కొందరిని ఒకచోట సమావేశపరచి, ఆటలు జరిగియున్నచో ఎవరు గెలిచియుందురో చెప్పుడని కోరిరి. ఆ విధముగా, ఆడని ఆటలకు ఫలితములు ప్రకటింపబడినవి.

డబ్బున్న క్లబ్బు చలితో పోరాడవచ్చును. ఎవర్టన్ క్లబ్బు 1958లో తన మైదానము అడుగున విద్యుత్తు తీగలు పరపించి నేలను వెచ్చపరచు ఏర్పాటు చేసెను. మంచు కరిగినది గాని, కరిగిన నీరు పోవుటకు మురుగు కాలువలు చాలలేదు. 1960లో నేలను మరల త్రవ్వి కాలువలను సరిచేయవలసి వచ్చినది. ఇంగ్లండులో నేటికిని లీగు శీతకాలముననే నడచుచున్నది. అచ్చటి చలి సాధారణముగా ఆటను పూర్తిగా ఆపునంతటిది కాదు. ఆపగల చలి వచ్చినపుడు దానిని ఎదిరించుటకు పెద్ద క్లబ్బులకు ధనము కలదు.

ఈ రెండును లేని దేశముల సంగతి వేరు. ఓస్లో నగరములో డిసెంబరు మూడవ వారమున పగలు సుమారు ఆరు గంటలు మాత్రమే. జూనులో అదే నగరములో పగలు పందొమ్మిది గంటలకు చేరువ. శీతకాలమున నేల గట్టిపడి రాయివలె నగును; దానిపై పడిన ఆటగాని మోకాలు చితుకును. గడ్డికి సైతము ఋతుధర్మము కలదు. చలిదేశముల గడ్డి నేల కొంత వెచ్చబడినగాని పెరుగదు. శీతకాలమున బూటుతో పెకలిన గడ్డి వసంతము వరకు మరల మొలవదు. అందుచేత జనవరి, ఫిబ్రవరి నెలలలో ఆడిన మైదానము ప్రతి ఆటకును మరింత పాడగును గాని బాగుపడదు.

స్వీడను లీగు 1924లో మొదలైనపుడు ఇంగ్లండు పద్ధతినే అనుసరించి శరత్తులో ఆరంభమై వసంతములో ముగియుచుండెను. నడుమ మంచుకాలమున చాల నెలలు విరామము. పందెపు ఉత్సాహము మంచు క్రింద చల్లారి, వసంతమున దానిని మరల రగుల్కొల్పవలసి వచ్చుచుండెను. తుదకు 1957లో ఆరంభమైన లీగును 1958 శరత్తు వరకు పొడిగించి, 1959 నుండి వసంతమున మొదలుపెట్టు పద్ధతికి మారిరి. ఆ దీర్ఘమైన లీగునకు స్వీడను ప్రజలు ‘మారథాన్’ అని పేరు పెట్టిరి. నార్వే వారును 1961-62లో అట్టి దీర్ఘమైన లీగు నొకదానిని నడపి, 1963 నుండి వేసవి పద్ధతిని చేపట్టిరి. ఈ రెండు దేశములలోను ఆ పద్ధతి నేటికిని సాగుచున్నది. అచ్చట ఆకాశమే ఈ వాదమును తీర్చినదనవచ్చును.

ఐర్లండు దేశములో తీర్పు ఇంత సులభము కాలేదు. అచ్చటి చలి మైదానమును గడ్డకట్టించునంతటిది కాదు. వానయు గాలియు మాత్రము మిక్కుటము. అచ్చటి క్లబ్బులు చిన్నవి. కప్పులేని మెట్లపై నిలుచుండి తడియుచు చూచుటకు జనవరి రాత్రి ఎందరు వత్తురు? పైగా ఇంటిలో వెచ్చగా కూర్చుండి ఇంగ్లండు లీగును టెలివిజనులో చూచు సదుపాయము వచ్చి చేరినది. ఐర్లండు లీగు 2003లో మార్చి నుండి నవంబరు వరకు ఆడు పద్ధతికి మారినది. దానికి వాతావరణము ఒక కారణము. ఐరోపా క్లబ్బుల పోటీలు మరియొక కారణము.

ఈ రెండవ కారణమును కొంచెము వివరింపవలెను. ఐరోపా పోటీలలో చిన్న దేశముల క్లబ్బులు జూలైలో జరుగు ప్రాథమిక రౌండ్లలో గెలిచినగాని ముందునకు పోలేవు. శీతకాలపు లీగు ఆడు క్లబ్బునకు జూలై సెలవు ముగిసి సాధన మొదలుపెట్టు నెల. ఆటగాండ్ర కాళ్లకు ఇంకను బిగువు రాదు. వేసవి లీగు ఆడు క్లబ్బునకు జూలై నడిసీజను. ఐర్లండు క్లబ్బులు ఈ లాభమును పొందినవి. షెల్బోర్న్ జట్టు 2004లో స్పెయిను దేశపు డిపోర్టివో జట్టును డబ్లిన్ నగరములో గోలు చేయనీయక నిలిపినది, ఆ దేశములో జరిగిన రెండవ ఆటలో ఓడినను. షామ్‌రాక్ రోవర్స్ 2011లో, డండాక్ 2016లో యూరోపా లీగు గ్రూపు దశను చేరినవి.

అయితే ఒక చేతితో ఇచ్చిన కాలము మరియొక చేతితో తీసికొనును. 2025 ఫిబ్రవరిలో షామ్‌రాక్ రోవర్స్ జట్టు ఐరోపా మూడవ శ్రేణి పోటీలో తరువాతి దశకు చేరి, నార్వే దేశపు మోల్డె జట్టుతో తలపడినది. అప్పటికి దాని దేశపు లీగు సీజను ఇంకను తొలిదినములలోనే యున్నది. మోల్డె యును వేసవి లీగు జట్టే గనుక ఇరుపక్షములకును అదే ఇబ్బంది. మొదటి ఆటలో ఐర్లండు జట్టు, రెండవ ఆటలో నార్వే జట్టు గెలువగా, తుదకు పెనాల్టీలలో ఐర్లండు జట్టు ఓడినది. జూలైలో సహాయపడిన క్యాలెండరు ఫిబ్రవరిలో సహాయపడదు.

ఇందుకు విరుద్ధమైన దారిని పట్టినది రష్యా. అచ్చట చలి ఎట్టిదో చెప్పనక్కరలేదు. అయినను ఆ దేశము 2011 మార్చిలో ఆరంభించిన లీగును 2012 మే వరకు సాగించి, ఒక్కొక్క పెద్ద జట్టు చేత 44 ఆటలాడించి, అటు తరువాత శీతకాలపు పద్ధతికి మారినది. కారణము పొరుగువారి క్యాలెండరు. పశ్చిమ ఐరోపాలో ఆటగాండ్ర క్రయవిక్రయములు ముఖ్యముగా వేసవిలో జరుగును. వేసవిలో లీగు నడుపు దేశము నడిసీజనులో తన మంచి ఆటగాండ్రను పోగొట్టుకొనును. రష్యావారు మారినారు గాని మంచు మారలేదు. డిసెంబరు నుండి సుమారు మూడు నెలలు ఆటలు నిలిపివేయవలసినదే. పేరునకు శీతకాలపు లీగు, నిజమునకు శీతకాలమును నడుమ తొలగించిన లీగు.

ఇంతవరకు చలిని గూర్చి చెప్పితిమి. వేడి సంగతి ఇంకను గట్టిగా ఆలోచింపవలసినది. మన కండరములు పని చేయునపుడు వినియోగమగు శక్తిలో ఇంచుమించు నాలుగవ వంతు మాత్రమే కదలికగా మారును, మిగిలినదంతయు వేడియగును. ఆ వేడిని శరీరము ముఖ్యముగా చెమట ద్వారా వెలికి పంపును. ఇది మన ఇండ్లలోని మట్టికుండ చేయు పనియే. కుండ పైకి ఊరిన నీరు ఆవిరియగుచు లోపలి నీటిని చల్లపరచును. గాలి పొడిగా ఉన్న దినమున కుండనీరు చల్లగా నుండును. ఉక్కగా ఉన్న దినమున కుండ తడిసియుండును గాని నీరు చల్లబడదు. ఆటగాని శరీరమును అంతే. ఉక్కలో చెమట కారును గాని ఆరదు. ఆరని చెమట చల్లపరచదు.

అందుచేత ఆటల వైద్యులు కేవలము నీడలోని ఉష్ణమాపకమును నమ్మరు. నీడలోని మామూలు ఉష్ణమాపకము ఒకటి, తడిగుడ్డ చుట్టినది ఒకటి, ఎండలో నల్లని గోళములో నుంచినది ఒకటి, ఈ మూడింటిని కలిపి లెక్కింతురు. పది వంతులలో ఏడు వంతులు తడిగుడ్డదానికి, రెండు గోళమునకు, ఒక్కటి మాత్రమే మామూలుదానికి. ఈ లెక్క 32 డిగ్రీలు దాటినచో ఆట నడుమ నీరు త్రాగుటకు విరామమీయవలెనని అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య నియమము చేసినది. ప్రపంచకప్పులో ఇట్టి విరామము తొలిసారి 2014లో బ్రెజిలులో ఇయ్యబడినది. 2022లో కతార్ దేశమున జరిగిన ప్రపంచకప్పును వేడి కారణముననే నవంబరు, డిసెంబరు నెలలకు మార్చిరి. దాని కొరకు ఐరోపాలోని పెద్ద లీగులన్నియు నడిసీజనులో ఆగినవి. మార్చరానిదని ఎన్నడో చెప్పిన క్యాలెండరు, తగిన అవసరము వచ్చినపుడు మారినది.

చలి, వేడి, పొరుగువారి క్యాలెండరు: ఈ మూడును ఒకే దేశములో ఒకదానితో నొకటి పెనగులాడుట జపానులో చూడవచ్చును. 1965లో స్థాపింపబడిన జపాను లీగు మొదట వసంతమున ఆరంభమగుచుండెను. 1985లో శరత్తునకు మారినది. 1993లో పది క్లబ్బులతో వృత్తిలీగుగా రూపొందినపుడు మరల వసంతమునకు వచ్చినది. అటుపైన ముప్పది సంవత్సరములు ఫిబ్రవరి చివర నుండి డిసెంబరు మొదటి వరకు ఆడుచు వచ్చిరి. 2023 నాటికి క్లబ్బులు అరువది, శ్రేణులు మూడు.

మార్పు కోరినవారి వాదము ఇది. తోక్యోలో ఆగస్టు మధ్యాహ్నములు 30 డిగ్రీలు దాటుట సామాన్యము, తేమయు అధికము. జూలై, ఆగస్టు నెలలలో సాయంకాలము ఆడినను ఆటగాండ్రు పరుగు తగ్గించుకొని ఆడవలసియున్నది, ఆట మందగించును. ఆసియా క్లబ్బుల పోటీ 2023 నుండి శరత్తులో మొదలై వసంతమున ముగియుచున్నది. జపాను క్లబ్బు ఒక సీజనులో గ్రూపు ఆటలాడి, మరుసటి సీజనులో వేరొక జట్టుతో తరువాతి ఆటలాడవలసివచ్చును. ఐరోపా క్లబ్బులు జపాను ఆటగాండ్రను నడివేసవిలో కొనిపోవుచున్నవి.

వ్యతిరేకించినవారు ఎవరు? మంచుసీమవారు. జపాను సముద్రపు తీరమున నీగాతా, యమగాతా, అకితా అను ప్రాంతములు కలవు. శీతకాలమున సైబీరియా నుండి వీచు గాలులు సముద్రముపై తేమను త్రాగి, కొండలకు తగిలి, ఈ సీమలపై మంచును కుప్పలుగా కురిపించును. కవబాత యసునారి తన ప్రసిద్ధ నవల ‘మంచుదేశము’నకు రంగముగా గ్రహించినది ఈ నీగాతా కొండలనే. ఉత్తరమున సప్పోరో నగరమునకు కప్పుగల స్టేడియము కలదు. దానిలో గడ్డినేల మొత్తము గాలిదిండుపై తేలి వెలుపలికి పోయి ఎండ కాచుకొని వచ్చును. అట్టి వింత కట్టడమును ప్రతి ఊరును కట్టించుకొనలేదు. మంచుసీమ క్లబ్బునకు మైదానము కప్పబడును, సాధనస్థలము కప్పబడును, పిల్లల జట్లకు స్థలముండదు, రైళ్లు ఆగినచో ప్రేక్షకుడు రాలేడు. శీతకాలములో వారాల తరబడి పరాయి ఊళ్లలోనే ఆడవలసిన జట్టునకు టిక్కెట్ల ఆదాయము ఎక్కడిది? నీగాతా క్లబ్బు తన వ్యతిరేకతను బహిరంగముగా ప్రకటించినది. మరియొక చిక్కును కలదు. జపానులో చదువులు మార్చిలో ముగియును. ఏప్రిలులో క్రొత్త ఉద్యోగులు చేరుదురు. పాఠశాల నుండి, విశ్వవిద్యాలయము నుండి వచ్చు యువ ఆటగాడు ఇంతవరకు సీజను ఆరంభముననే చేరుచుండెను. ఇకపై సీజను చివర చేరవలెను.

క్లబ్బులలో అత్యధికసంఖ్యాకులు మార్పునకే సమ్మతించిరి. నిర్ణయము ప్రకారము క్రొత్త పద్ధతిలో తొలి సీజను 2026 ఆగస్టులో ఆరంభమై, డిసెంబరు నడుమ నుండి ఫిబ్రవరి నడుమ వరకు రెండు నెలలు విరామము తీసికొని, 2027 వేసవి తొలిదినములలో ముగియవలెను. మంచుసీమలలో సాధనవసతులు కల్పించుటకు లీగు సంస్థ ధనసహాయము చేయుటకు ఒప్పుకొన్నది.

ఇచ్చట శ్రోతలు ఒక సంగతిని గమనింపవలెను. పాత పద్ధతిలోను డిసెంబరు నడుమ నుండి ఫిబ్రవరి నడుమ వరకు ఆటలు లేవు. క్రొత్త పద్ధతిలోను లేవు. క్రొత్తగా వచ్చునది జూను, జూలైల విశ్రాంతి. అనగా ఆడు నెలలు మారినంతగా మారలేదు. మారినది ప్రధానముగా ఆరంభమును, అంతమును. అందుచేత మంచుసీమల భయము మనము మొదట అనుకొన్నంత కాకపోవచ్చును. కాని ఈ మాటకే రెండవ అంచు కలదు. వేడిని తప్పించుకొనుటకు మారితిమని చెప్పిన లీగు ఆగస్టులోనే, తేమ మిక్కిలిగా ఉన్న నెలలోనే ఆరంభమగును. విశ్రాంతి తీసికొన్న కాళ్లతో ఆడుదురు గనుక మేలని సమర్థించువారు కలరు. అది కొంత నిజము. వేడి మాత్రము వేడియే. కావున ఈ మార్పునకు వాతావరణము కంటె ఐరోపా, ఆసియా క్యాలెండరులే బలమైన కారణములని మా అభిప్రాయము. అమెరికా సంయుక్తరాష్ట్రముల వృత్తిలీగు సైతము 2025 నవంబరులో, 2027 నడుమ నుండి ఇట్టి పద్ధతికే మారుదుమని ప్రకటించినది.

ఇక మన దేశమునకు వత్తము. కలకత్తా లీగు 1898లో ఆరంభమైనది. ఆటను తెచ్చిన ఆంగ్లేయులకు స్వదేశమున అది చలికాలపు ఆట. కాని కలకత్తాలో చల్లని, పొడిగానుండు శీతకాలమును క్రికెట్టునకు అట్టిపెట్టుకొని, ఫుట్‌బాలును వానకాలమునకు పంపిరి. పెరటి పంపకము ఇచ్చటను జరిగినది. అయితే వంతులు తారుమారైనవి. 1911 జూలై 29న మోహన్ బగాన్ జట్టు ఈస్టు యార్క్‌షైరు పటాలపు జట్టును 2-1 గోళ్లతో ఓడించి ఐ.ఎఫ్.ఏ. షీల్డును గెలిచినపుడు, ఆ పదునొకండుగురిలో ఒక్కరు తప్ప అందరును ఒట్టికాళ్లతో ఆడినవారే. 1934 నుండి 1938 వరకు వరుసగా ఐదు సంవత్సరములు లీగును గెలిచిన మహమ్మడన్ స్పోర్టింగు జట్టు, నేల తడిసినపుడు బూట్లు తొడిగి ఆడు పద్ధతిని అలవరచుకొన్నది. ఋతువు ఆటగాని కాలికి బూటు తొడిగించినదనవచ్చును.

ఆ పాఠమును దేశమంతయు నేర్చుకొనుటకు మరికొంత కాలము పట్టినది. 1952 హెల్సింకి ఒలింపిక్సులో, ఉత్తరదేశపు చలిలో మన ఆటగాండ్రలో పెక్కుమంది బూట్లు లేక ఆడిరి; యుగోస్లావియా చేతిలో 10-1 గోళ్లతో ఓడిరి. ఆ తరువాతనే మన సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసినది. ఆ జట్టునకు శిక్షకుడు మన హైదరాబాదు నివాసి సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు ప్రతి సంవత్సరమును బొంబాయిలో రోవర్స్ కప్పును గెలిచినది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానమును, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకమును పొందినది.

ఆ కాలమున మనకు దేశమంతటికిని ఒక్క లీగు లేదు. ప్రతి నగరమునకును తన లీగు, తన ఋతువు. జాతీయ లీగు 1996లో గాని రాలేదు. అది వచ్చిన పిదప ఒక్క క్యాలెండరు అందరికిని సరిపోవునా అను చిక్కు మనకును వచ్చినది. శీతకాలము గోవాకు, హైదరాబాదునకు, కలకత్తాకు అనుకూలము. 2018లో జాతీయ శ్రేణికి చేరిన శ్రీనగరపు క్లబ్బునకు అది మంచు కురియు కాలము. 2014లో అక్టోబరు నుండి డిసెంబరు వరకు జరిగిన ఇండియన్ సూపర్ లీగు తరువాత క్రమముగా వసంతము వరకు విస్తరించినది. 2022 మార్చి 20న గోవాలో హైదరాబాదు జట్టు ఆ లీగు విజేతగా నిలిచినది. చిరకాలము ఢిల్లీ శీతకాలపు ముచ్చటగానుండిన డ్యూరండ్ కప్పు, 2019లో కలకత్తా వానలకు తరలినది.

తెలుగునాట పట్టణ లీగులను నడుపు పెద్దలు ఈ దేశముల అనుభవము నుండి ఏమి గ్రహింపవచ్చును? ఏప్రిలు, మే నెలల ఎండలో పగటి ఆట కూడదు. ఇందు వాదము లేదు. అక్టోబరు, నవంబరు నెలలు తీరప్రాంతమునకు తుపానుల కాలము. డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు గాలి పొడిగా, చల్లగా నుండును; ఆటగానికి, ప్రేక్షకునికి ఇదియే ఉత్తమమైన కాలము. కాని ఊరిలో మైదానము ఒక్కటే. ఆ నెలలలో దానిని క్రికెట్టు ఆక్రమించియుండును. ఆటగాండ్రలో పెక్కుమంది విద్యార్థులు. వారికి పరీక్షలు దగ్గరపడును. వానకాలమున మైదానము ఖాళీగానుండును, నేల మెత్తగా నుండి పడినవానిని కాపాడును. అయితే నీరు పోవు ఏర్పాటు లేని మైదానము చెరువగును. వానలో వ్యాఖ్యానము చెప్పు మాకును ఆ కష్టము తెలియును. బురద కప్పిన చొక్కాలపై అంకెలు కనబడవు. ఎవరు గోలు చేసిరో చెప్పుటకు నడకను బట్టి పోల్చుకొనవలసి వచ్చును.

కావున వేసవియా, శీతకాలమా అను ప్రశ్నకు అన్ని దేశములకును చెల్లు ఒక్క సమాధానము లేదు. ప్రతి క్యాలెండరును ఎవరో ఒకరి మీద బరువు మోపును. శీతకాలపు లీగు మంచుసీమ క్లబ్బు మీద, తడియు ప్రేక్షకుని మీద. వేసవి లీగు వేడిలో పరుగెత్తు ఆటగాని మీద, నడిసీజనులో ఆటగాండ్రను కోలుపోవు క్లబ్బు మీద. నిర్ణయించువారు సాధారణముగా పెద్ద నగరముల పెద్ద క్లబ్బులవారు. బరువు మోయువారు చిన్న ఊళ్లవారు. జపానువారి నిర్ణయము మంచిదో కాదో కొన్ని శీతకాలములు గడచినగాని తేలదు. కాని మంచుసీమల సాధనవసతులకు ధనము పంచుటకు వారు ఒప్పుకొన్న అంశము మాత్రము మెచ్చదగినది. మార్పు వలన లాభము పొందువారు నష్టపోవువారికి తోడుపడుట న్యాయము.

మన ఊరి లీగు తేదీలను నిర్ణయించునపుడు మూడు ప్రశ్నలు వేసికొన్న చాలును. ఈ నెలలో మన నేల ఆటకు ఆగునా? ఈ గంటలో ఆటగాని చెమట ఆరునా? పని ముగించుకొని కాలినడకను వచ్చు ప్రేక్షకుడు ఈ సాయంకాలము వచ్చి కూర్చుండగలడా? ఈ మూడింటికి సమాధానము దొరకిన తరువాత పొరుగువారి క్యాలెండరును చూడవచ్చును. ముందుగా దానినే చూచినచో, మన మైదానమున మనవారు లేని ఆట జరుగును.